దీపం వేళ



తెలుగు ఇళ్లలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. డబ్బాలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. పుస్తెలతాడు తెగిందనరు, పెరిగిందంటారు. ఊరికి బయలుదేరిన మనిషి గడప దగ్గర నిలబడి వెళ్తానని చెప్పడు, వెళ్లొస్తానంటాడు. నోరుజారి వెళ్తానంటే లోపలున్న పెద్దవాళ్లు అక్కడికక్కడే దిద్దుతారు. ఈ మాటలు మనకు ఎంతగా అలవాటైపోయాయంటే, వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూడాలని తోచదు. పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఇవన్నీ భయం ఉన్నచోటే పుట్టాయి. చీకటి, ఆకలి, వైధవ్యం, ఎడబాటు. సొంత ఇంట్లో ఉండి కూడా మనిషి దడిసే చోట్లు ఇవి. అక్కడ భాష తన చెయ్యి అడ్డం పెట్టింది. నిండుకున్నాయన్నంత మాత్రాన ఖాళీ డబ్బా నిండదని అన్నవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. అయినా తరతరాలుగా అంటూనే వచ్చారు. అలా ఎందుకన్నారో ఈ కాసేపు ఆలోచిద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ఇల్లు మనుషులకు ఇచ్చిన ధైర్యం సిద్ధాంతాల్లోంచి వచ్చింది కాదు. దేవుడున్నాడా, ఉంటే ఎలాంటివాడు అనే చర్చ జరిగితే వీధి అరుగు మీద జరిగేది. ఇంటి లోపల జరిగింది వేరు. అక్కడ ప్రతి భయానికీ ఒక చిన్న పని ఏర్పాటై ఉండేది. పొద్దు వాలగానే చేయాల్సిన పని, గడప దగ్గర చేయాల్సిన పని, కొత్తగింజలు ఇంటికొచ్చిన రోజున చేయాల్సిన పని, పోయినవాళ్లు గుర్తొచ్చే రోజున చేయాల్సిన పని. అవి చేయడానికి పాండిత్యం అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు, డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. చెయ్యగా చెయ్యగా చేతుల్లోంచే నమ్మకం మనసులోకి ఎక్కేది.

పాత ఇల్లు అనగానే కోస్తా జిల్లాల్లో మండువా లోగిలి గుర్తొస్తుంది. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడుమ ఆకాశం కనిపిస్తుంది. వాన పడితే ఇంటి మధ్యలోనే పడి తూము గుండా బయటికి పోతుంది. ఎండా, వెన్నెలా కూడా అంతే, అనుమతి అడక్కుండా నట్టింట్లోకి వస్తాయి. రాయలసీమలో ఇది మట్టి మిద్దె అవుతుంది, తెలంగాణలో నడుమ వాకిలి ఉన్న భవంతి అవుతుంది. అయితే నేను మాట్లాడుతున్నది గోడల వైభవం గురించి కాదు. తాటాకు గుడిసెకూ గడప ఉంది. కిరసనాయిలు బుడ్డి వెలిగించే ఇంట్లోనూ, అది వెలగగానే చేతులు జోడించినవాళ్లున్నారు. పెద్ద ఇంటికీ చిన్న ఇంటికీ ఉమ్మడిగా ఉన్న ఈ చిన్న ఆచారాలే నాకు ముఖ్యం. అవి ఎక్కడ ఉన్నాయో గమనించండి. అన్నీ అంచుల మీద ఉన్నాయి. లోపలికీ బయటికీ మధ్య గడప. పగటికీ రాత్రికీ మధ్య సంధ్య. ఏడాదికీ ఏడాదికీ మధ్య ఉగాది. బతికినవాళ్లకూ పోయినవాళ్లకూ మధ్య పెద్దలకు పెట్టుకునే రోజు. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే పండితుడు 1909లో ఫ్రెంచిలో ఒక పుస్తకం రాశాడు. లోకంలోని జాతుల ఆచారాలను పోల్చి చూసి, మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దాటేచోట ఆచారాలు గుమిగూడతాయని అందులో చూపించాడు. ఆ దాటే దశకు పేరు కావలసి వచ్చి లాటిన్‌లో గడప అనే అర్థమున్న మాటను ఎంచుకున్నాడు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే మన ఇంటి గడప ఆ పండితుడి సూత్రానికి చక్కని ఉదాహరణ. ఆ చెక్క మీద పసుపు ఆరేలోపు దాన్ని తొక్కకూడదని పిల్లలకు చెప్పేవాళ్లు. దాటేచోట ఒక్క క్షణం ఆగి, చూసి, దాటాలన్న అలవాటు అలా పడేది.

ఇప్పుడు దీపాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పొద్దు గూకుతుండగా దూదిని అరచేతుల మధ్య నలిపి వత్తి చేస్తారు. అది మరీ లావైతే నూనె తాగేస్తుంది, మరీ సన్నమైతే నిలవదు. ఇత్తడి కుందిని అంతకుముందే చింతపండుతో తోమి, కడిగి, తుడిచి ఉంచుతారు. నువ్వులనూనె పోసి, వత్తి తడిసేదాకా ఆగి, కొసను వేళ్లతో కాస్త పైకి లాగి వెలిగిస్తారు. మొదట చిటపటమంటుంది, తర్వాత నిలబడుతుంది. గోడలో దీపం కోసమే వదిలిన గూడు ఉంటుంది. ఎన్నో ఏళ్ల పొగకు దాని పైభాగం నల్లబడి, ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ మసి మళ్లీ పైకి తేలుతూ ఉంటుంది. మొత్తం పని పది నిమిషాలు పట్టదు. కానీ ఆ కాసేపూ చేతులు ఇంకో పని చేయలేవు, కళ్లు ఇంకో వైపు తిరగలేవు. సందెవేళ పడుకోకూడదు, ఏడవకూడదు, అప్పిచ్చిన డబ్బు అడక్కూడదు అనే నిషేధాలన్నీ ఈ పది నిమిషాల చుట్టూ కట్టిన దడి లాంటివి. రోజంతా ఇంట్లో ఎంత గొడవ జరిగినా దీపం పెట్టేవేళకు గొంతులు తగ్గాలి. రోజూ ఒక్కసారైనా ఇల్లంతా నెమ్మదించే ఘడియ ఒకటి ఖాయంగా ఉందంటే, అది మామూలు ఏర్పాటు కాదని నాకనిపిస్తుంది.

ఈ పనివల్ల ఊరట ఎలా వస్తుంది? మనం దుఃఖం వచ్చి ఏడుస్తామనుకుంటాం గానీ, ఒంట్లో జరిగే మార్పే మనసులోని భావమవుతుందని విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1884లో వాదించాడు. ఆ వాదం పూర్తిగా నిలబడిందనలేం గానీ, ఒంటికీ మనసుకూ మధ్య దారి రెండువైపులా నడుస్తుందన్న సంగతి మిగిలింది. ఇంకొంచెం దగ్గరి సాక్ష్యం 2014లో వచ్చింది. మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జీనో అనే ఇద్దరు పరిశోధకులు, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లూ చిన్నచిన్న నష్టాలు ఎదురైనవాళ్లూ తమకు తాముగా చేసుకునే తంతుల గురించి ప్రయోగాలు చేశారు. ఒకదానిలో లాటరీ తగలక నిరాశపడ్డవాళ్లలో కొందరిచేత తమ మనసెలా ఉందో కాగితం మీద గీయించి, దానిమీద ఉప్పు చల్లించి, కాగితం చింపించి, అంకెలు లెక్కపెట్టించారు. దిగులు వాళ్లలో తగ్గింది. ఇలాంటి తంతుల్లో మహిమ ఉందని నమ్మినవాళ్లకూ నమ్మనివాళ్లకూ కూడా తగ్గింది. పరిస్థితి తమ చెయ్యి దాటిపోయిందన్న భావన తగ్గడమే అందుకు కారణమని వాళ్లు తేల్చారు. ఉప్పు అన్న మాట వినగానే మన ఇళ్లలో దిష్టి తీసే పెద్దావిడ గుర్తుకు రావడం సహజం. గుప్పెట్లో ఉప్పు పట్టుకుని బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పిన ఆ చెయ్యి ముందు కుదుటపరిచింది బిడ్డను కాకపోవచ్చు, గుమ్మంలో నిలబడి కంగారుపడుతున్న తల్లిని.

ఇంతకన్నా పాత సాక్ష్యం ఇంకొకటుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో మకాం వేసిన మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త, అక్కడి జాలర్లను గమనించాడు. దీవిని ఆనుకుని ప్రశాంతంగా ఉండే నీళ్లలో చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ తంతూ చేయరు, తమ నైపుణ్యాన్నే నమ్ముకుంటారు. నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం తంతు తప్పదు. మన పల్లెకారులు వేటకు పోయేముందు గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తెలివితక్కువతనం వల్ల ఆచారం పుడితే నిశ్చలంగా ఉన్న నీళ్లలోనూ పుట్టాలి కదా. నైపుణ్యం ఎక్కడిదాకా పనిచేస్తుందో బాగా తెలిసిన మనిషి, అది ఆగిపోయే చోట నమస్కారం పెట్టాడు.

ఇక్కడ మన భాషలోని ఒక తేడాను పట్టించుకోవాలి. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. ఎవరో ఒక మాట చెబితే నమ్ముతాం లేదా నమ్మం. నమ్ముకోవడం అలాంటిది కాదు. భూమిని నమ్ముకుని బతికాడంటాం. గేదెను నమ్ముకుని పిల్లల్ని చదివించిందంటాం. ఏటిని నమ్ముకున్న ఊళ్లంటాం. ఏరు ఎండిన ఏడాది ఉంటుందని, ముంచిన ఏడాదీ ఉంటుందని ఆ ఊళ్లకు తెలియక కాదు. తెలిసే బతుకును దానిమీద ఆనించారు. పాత ఇల్లు నేర్పింది ఈ నమ్ముకోవడమే. రుజువులు చూపిస్తే పుట్టేదీ కాదిది, రుజువులతో పోయేదీ కాదు. ఒక పనిని, ఒక వేళను, పక్కనున్న మనిషిని రోజూ ఆనుకోవడం వల్ల గట్టిపడేది. ఇదంతా ఉత్త అలవాటు, భక్తి కాదని నిష్ఠాపరులు అనవచ్చు. అలవాటేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ మనసు పూర్తిగా మొద్దుబారిన రోజున, ప్రార్థించడానికి మాట కూడా పెగలని రోజున, మనిషి చేత దీపం పెట్టించేది ఆ అలవాటే. చావు మైల తీరిన మర్నాడు ఆ ఇంట్లో మొదటిసారి మళ్లీ దీపం వెలిగించే చెయ్యి ఏ భక్తితో వెలిగిస్తుందో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వెలిగించడం మాత్రం దానికి వచ్చు.

పోయినవాళ్ల సంగతి ఎత్తాను కాబట్టి దాని దగ్గర కాస్త నిలుస్తాను, ఎందుకంటే ఇంటి ఆచారాల్లో అన్నిటికన్నా లోతైనది ఇదే. సంక్రాంతిని కోస్తాలో పెద్దపండగ అంటారు. పెద్దల పండగ కూడా అదే. కొత్తబట్టలు పెద్దల పేరుచెప్పి దేవుడి దగ్గర పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు కట్టుకుంటారు, తింటారు. తెలంగాణలో పెత్రమాసనాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చుకుంటారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పోయినవాళ్లను తలుచుకున్న ఇల్లే సాయంత్రానికి తంగేడు, గునుగు పేర్చి వాకిట్లో చప్పట్లు కొడుతూ ఆడుతుంది. ఈ రెంటినీ ఒకే రోజున పెట్టిన మనసును నేను ఎంతో గౌరవిస్తాను. తెలుగు ముస్లిముల ఇళ్లలో షబేబరాత్‌కు పెద్దల పేరున ఫాతెహా ఇప్పిస్తారు. తెలుగు క్రైస్తవులు సమాధుల పండగనాడు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మతాలు వేరు, మంత్రాలు వేరు, కొన్నిచోట్ల మంత్రమే లేదు. శుభ్రం చేయడం, వెలిగించడం, వండడం, పేరు పలకడం దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. ఊరట సిద్ధాంతంలోంచి వచ్చేదైతే ఇన్ని వేరువేరు సిద్ధాంతాల కింద ఇవే నాలుగు పనులు ఎందుకు మిగిలాయో చెప్పడం కష్టం.

అయితే ఇదంతా మూఢనమ్మకాన్ని ముద్దుగా చెప్పడమే కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నను నేను తోసిపుచ్చను. ఒకప్పుడు మశూచి సోకితే అమ్మవారు పోసిందనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ మండలు చూసి బయటివాళ్లు లోపలికి రాకుండా ఆగేవాళ్లు, రోగి పక్కన కూర్చున్నవాళ్లకు చేయడానికి ఒక పని దొరికేది. అంతవరకు మేలే. కానీ మశూచిని లోకం నుంచి తరిమేసింది వేపమండ కాదు, టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ జబ్బు అంతరించిందని ప్రకటించింది. టీకాలు వేసేవాళ్లు వచ్చినప్పుడు అమ్మవారికి కోపం వస్తుందని తలుపు మూసుకున్న ఇళ్లకు నష్టమే జరిగింది. కాబట్టి హద్దు ఎక్కడో స్పష్టంగా చెప్పుకోవాలి. చేయగలిగినదంతా చేసి, ఇక చేతుల్లో లేనిదాని ముందు నిలబడ్డప్పుడు ఆచారం ఊరట. చేయగలిగినదాన్ని చేయకుండా అడ్డుపడితే అది అపకారం. పాముకాటుకు ఆసుపత్రికి తీసుకెళ్లకుండా మంత్రం వేయించడాన్ని సమర్థించే మాట ఈ ప్రసంగంలో ఎక్కడా లేదు. ఆసుపత్రి వసారాలో రాత్రంతా కూర్చున్న మనిషి మనసులో దేవుడి పేరు తలుచుకుంటూ ఉంటే మాత్రం, ఆ మనిషిని తప్పుపట్టే హక్కు శాస్త్రానికి లేదు. శాస్త్రం అలా తప్పుపట్టడం లేదు కూడా.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఈ పాత ఇంటి ఊరట ఎవరి వీపు మీద నిలబడింది? తెల్లవారకముందే లేచి కళ్లాపి చల్లినవాళ్లు, మడికట్టుకుని వండినవాళ్లు, పండగరోజున అందరికన్నా చివర తిన్నవాళ్లు ఆడవాళ్లు. అదే ఇంట్లో భర్త పోయిన మనిషిని పసుపు కుంకుమల పళ్లెం తాకకుండా దాటిపోయేది. పేరంటానికి పిలుపు ఆగిపోయేది, ప్రయాణమైనవాళ్లకు ఎదురు రాకూడదని ఆమె వంటింటి చీకట్లో నిలబడేది. ఇక వీధి అరుగు బాటసారులందరిదీ అని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ అరుగు ఎక్కనివ్వని మనుషులు అదే ఊళ్లో ఉన్నారు. వాళ్లు పెరటిదారిన వచ్చి, ఎత్తిపోసిన నీళ్లు దోసిలిపట్టి తాగి వెళ్లారు. దీన్ని ఆనాటి పద్ధతి అంటూ సర్దిచెప్పడానికి నాకు మనసొప్పదు. ఒకరికి ధైర్యమిచ్చి ఇంకొకరి దగ్గర అదే ధైర్యాన్ని లాక్కునే ఆచారం, ఆచారంగా కూడా విఫలమైనట్టే. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. పందిరి, బాజాలు, తలంబ్రాలు, పసుపుకుంకుమలను ఆయన తీసివేయలేదు. వాటికి దూరం చేసిన మనిషి చేతికే వాటిని తిరిగి అందించారు. సంస్కరణంటే నాకు కనిపించే దారి అదే. ప్రమిదకు తనను వెలిగిస్తున్నది ఎవరో తెలియదు. ఆడవాళ్లే ఎందుకు వెలిగించాలి, భర్త లేనామె ఎందుకు వెలిగించకూడదు, నెలసరి రోజుల్లో ఎందుకు ముట్టకూడదు అనే షరతులన్నీ బయటినుంచి వచ్చి చేరినవే. షరతులు తీసేసినా దీపం వెలుగుతుంది. కళ్లాపి బకెట్టు మగవాడు పట్టుకున్నా వాకిలి తడుస్తుంది.

మరి ఆ ఇళ్లే లేవు కదా అనేది మూడో మాట. నిజమే. అన్నదమ్ములు పంచుకోగా గోడలు లేచాయి, మండువా మీద రేకులు పడ్డాయి, చాలా లోగిళ్లు తాళాలతో మిగిలాయి. శ్రీశైలం జలాశయం కోసం 1981లో కృష్ణా, తుంగభద్రా తీరాల ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. ఇళ్లను అలా ఎవరూ విప్పి తిరిగి కట్టలేదు, కట్టలేరు కూడా. ఇంటి దేవుణ్ణి ఎవరికి వాళ్లు గుడ్డలో కట్టుకుని పోవాల్సిందే. అయితే అలా మోసుకుపోయేంత చిన్నది కావడమే ఇంటి ఆచారం బలమని నా వాదన. దీనికి మన చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. 1834 తర్వాత చెరకుతోటల్లో పనికి కూలి ఒప్పందాల మీద మారిషస్‌కు ఓడలెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుమీద వాళ్లను కోరంగీలన్నారు. వాళ్లకు లోగిలి లేదు, అరుగు లేదు, ఉన్నది తోట యజమాని ఇచ్చిన గుడిసె. తరాలు గడిచేసరికి చాలామంది నాలుక మీద తెలుగు కూడా పలచబడింది. అయినా అక్కడి తెలుగువాళ్లు ఈనాటికీ దీపాన్ని నడుమ పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఉగాది ఆ దేశంలో అధికారికంగా సెలవు దినం. ఇల్లు పోయి, ఊరు పోయి, భాష సగం పోయాక కూడా ఆచారం నిలిచిందంటే, అది గోడల్లో ఉన్నది కాదని ఒప్పుకోవాలి.

ఇలా గోడలతో పనిలేని ఆచారానికి ఇంకో ఉదాహరణగా ముగ్గు చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి జారుతుంది. ముందు చుక్కలు, తర్వాత వాటిని కలుపుతూ, చుట్టి వస్తూ ఒకే గీత. చేత్తో చెరిపితే మళ్లీ కుదరదు కాబట్టి ఊపిరి బిగబట్టి వేస్తారు. మధ్యాహ్నానికి మనుషులు తొక్కుతారు, సైకిళ్లు పోతాయి, బియ్యప్పిండైతే చీమలు ఎత్తుకుపోతాయి. సాయంత్రానికి అక్కడేమీ ఉండదు. మర్నాడు మళ్లీ తడి, మళ్లీ చుక్కలు. నిలవదని తెలిసినదాన్ని అంత శ్రద్ధగా వేయడాన్ని వృథా అనేవాళ్లున్నారు. మనుషులు, పంటలు, ఆరోగ్యం, ఏవీ నిలవని చోట బతకడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు కనిపించలేదు. ఇప్పుడు అపార్టుమెంట్లలో గుమ్మం ముందు నేల గచ్చుది, కళ్లాపికి చోటు లేదు, కొందరు ముగ్గు అచ్చులు అంటిస్తున్నారు. అతికించిన ముగ్గు బాగుండదని నేననను గానీ, ఆ వేళ్ల మధ్య జారే పిండి అందులో లేదు. చోటు జానెడే ఉన్నా, నాలుగు చుక్కలే అయినా, చేత్తో వేసినదాన్నే నేను ఎంచుకుంటాను.

ఈ పాటికి చాలా ఇళ్లలో సందె చీకటి పడుతూ ఉంటుంది. దీపపు గూడు లేని గదుల్లో, నూనె వాసన తెలియని వంటిళ్లలో, ఎవరో ఒకరు గోడమీద మీట నొక్కుతారు. ట్యూబ్‌లైటు రెండుసార్లు రెపరెపలాడి వెలుగుతుంది. చూస్తున్న టీవీ నుంచి కళ్లు తిప్పకుండానే, ఆడుతున్న మాట ఆపకుండానే, ఆ గదిలోని పెద్దావిడ రెండు చేతులూ కళ్లకు అద్దుకుంటుంది. కరెంటు బల్బుకు దండం పెట్టమని ఏ శాస్త్రమూ రాయలేదు. పక్కన ఆడుకుంటున్న మనవరాలు తలెత్తి చూసి, తనూ చేతులు జోడిస్తుంది.